చారిత్రక మినియేచర్ వార్‌గేమ్ కన్వెన్షన్లు

నిజంగా జరిగిన యుద్ధాన్ని రంగులు వేసిన చిన్న సైనికుల బొమ్మలతో బల్ల మీద మళ్ళీ పోరాడి చూసే ఆటను చారిత్రక మినియేచర్ వార్‌గేమ్ అంటారు. బొమ్మలు ఎంత దూరం కదలాలో కొలత టేపు చెబుతుంది. తుపాకీ గుండు తగిలిందో లేదో పాచికలు చెబుతాయి. మిగిలిన తగవులను నియమాల పుస్తకం తీరుస్తుంది. ఇలాంటి ఆటలు పదుల సంఖ్యలో, పెద్ద చోట్ల వందల సంఖ్యలో ఒకే కప్పు కింద జరిగే కూడికే కన్వెన్షన్. అమెరికాలో పెద్దవి మూడు నాలుగు రోజులు నడుస్తాయి. బ్రిటన్‌లో చాలావరకు ఒక్కరోజులో ముగుస్తాయి.

చదరంగానికి ఒక పలక, ఇద్దరు మనుషులు చాలు. వాటర్లూకి అలా కుదరదు. రెండు పక్షాల సైన్యాలూ కావాలి, వాటిని కొని రంగులు వేయడానికి ఏళ్ళు పడుతుంది. ఊళ్ళు, వాగులు, కొండలు, చెట్లు కావాలి. ఎనిమిది అడుగుల బల్ల పట్టే గది కావాలి. అన్నిటికీ మించి, అదే కాలం మీద, అదే యుద్ధం మీద మోజున్న మరో ఆరుగురు కావాలి. ఇవన్నీ ఒకే ఊళ్ళో ఒకే మనిషికి సమకూరడం అరుదు కాబట్టే ఈ అభిరుచికి కన్వెన్షన్ ప్రాణాధారమైంది. అయితే డబ్బు కట్టి లోపలికి వచ్చినవారికి ఆటను అందించేది నిర్వాహక సంఘం కాదు. సంఘం హాలు, బల్లలు, కాలపట్టిక ఇస్తుంది. తమ బొమ్మలను తామే మోసుకొచ్చి, జీతం లేకుండా, అపరిచితులకు ఆట నేర్పి నడిపించే గేమ్ మాస్టర్లు లేకపోతే ఆ హాలులో ఖాళీ బల్లలే మిగులుతాయి.

మూలాలు

ఆట నడిపే మధ్యవర్తి అనే ఆలోచన ప్రష్యా సైన్యం నుంచి వచ్చింది. 1812లో గేయోర్గ్ లియోపోల్డ్ ఫాన్ రైస్విట్జ్ అనే అధికారి, నేల ఎత్తుపల్లాలను చూపే పలకలతో ఒక యుద్ధక్రీడా బల్లను తయారుచేసి ప్రష్యా రాజుకు సమర్పించాడు. ఆయన కొడుకు 1824లో దాన్ని సైనిక పటాల మీదికి మార్చాడు. ఒక్కో ఎత్తుకు, అంటే ఆటలో ఒక్కో వంతుకు, రెండు నిమిషాల యుద్ధకాలం అని లెక్క కట్టాడు. ఆటగాళ్ళ ఆజ్ఞలను కాగితం మీద తీసుకుని, ఎవరికి ఏది కనిపిస్తుందో నిర్ణయించే అంపైర్‌ను మధ్యలో నిలబెట్టాడు. అది అధికారుల శిక్షణ, వినోదం కాదు.

వినోదపు పాయ ఇంగ్లండులో మొదలైంది. 1893లో విలియం బ్రిటన్ సంస్థ లోపల బోలుగా ఉండే సీసపు సైనికులను పోతపోయడం మొదలుపెట్టాక బొమ్మ సైన్యం మధ్యతరగతి ఇంటికి అందుబాటులోకి వచ్చింది. 1898లో ఫ్రెడ్ జేన్ తన నౌకాయుద్ధపు ఆటను వెలువరించాడు. నేటికీ రక్షణ నిపుణులు వాడే జేన్స్ యుద్ధనౌకల సూచిక ఆ ఆటకు సమాచార గ్రంథంగానే పుట్టింది. 1913లో హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ రాశాడు. ఆయన ఆటలో కాల్పులకు పాచికలు లేవు. స్ప్రింగు ఫిరంగితో నేల మీది బొమ్మలను గురిచూసి కొట్టడమే, పడిపోయినవాడు చచ్చినట్టు. హారర్ సినిమాల నటుడు పీటర్ కుషింగ్ ఈ ఆటకు వీరాభిమాని. తన బొమ్మ సైన్యాలతో ఆయన ఆడుతుండగా 1956లో పాథే సంస్థ ఒక వార్తాచిత్రం కూడా తీసింది.

చెల్లాచెదురుగా ఉన్న ఆటగాళ్ళను ఒకచోట చేర్చినవాడు కాలిఫోర్నియాకు చెందిన జాక్ స్క్రూబీ. ఆయన అచ్చు అక్షరాలకు వాడే లోహంతో చవక బొమ్మలు పోతపోసి అమ్మేవాడు. 1956లో అమెరికాలో తొలి మినియేచర్ వార్‌గేమ్ కన్వెన్షన్ జరిపాడు. వచ్చినవారు 14 మంది! మరుసటి ఏడాది ‘వార్ గేమ్ డైజెస్ట్’ పత్రిక మొదలుపెట్టాడు. దాని చందాదారులు రెండు వందలు దాటలేదు గాని, అట్లాంటిక్‌కు ఇటూ అటూ ఉన్న ఆటగాళ్ళకు ఒకరి పేరు ఒకరికి తెలిసింది ఆ పత్రిక వల్లనే. బ్రిటన్‌లో ఆ పని సౌతాంప్టన్‌కు చెందిన ఫిజియోథెరపిస్టు డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ చేశాడు. 1962లో వచ్చిన ఆయన ‘వార్ గేమ్స్’ చదివి ఈ దారి పట్టిన తరం ఒకటి ఉంది.

1968లో గ్యారీ గైగాక్స్ విస్కాన్సిన్‌లోని లేక్ జనీవాలో జెన్ కాన్ ప్రారంభించినప్పుడు అది ప్రధానంగా వార్‌గేమ్ ఆటగాళ్ళ కూడిక. ఆ మరుసటి ఏడాది మిన్నెసోటాలో డేవిడ్ వెస్లీ నెపోలియన్ కాలపు ఆట ఒకటి నడుపుతూ, సైన్యాధిపతులతో పాటు ఊరిలోని మనుషుల పాత్రలు కూడా ఆటగాళ్ళకు పంచాడు. ఆట అదుపు తప్పింది. విఫలమైందని ఆయన అనుకున్నాడు, ఆడినవాళ్ళు మాత్రం మళ్ళీ ఎప్పుడని అడిగారు. పాత్రలు ధరించి ఆడే 1974 నాటి ఆట ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆ విత్తు నుంచి మొలిచిందే. ఆ చెట్టు ఎంత పెరిగిందంటే, దాని నీడలో చారిత్రక ఆటగాళ్ళకు చోటు చాలక వేరే పందిరి వేసుకోవలసి వచ్చింది.

హిస్టోరికాన్, దాని తోబుట్టువులు

ఆ పందిరే హిస్టారికల్ మినియేచర్స్ గేమింగ్ సొసైటీ. 1980లలో ఏర్పడిన ఈ సభ్యుల సంఘం తూర్పు తీరంలో ఏటా మూడు కన్వెన్షన్లు జరుపుతూ వచ్చింది: చలికాలం వెళ్ళేటప్పుడు కోల్డ్ వార్స్, నడివేసవిలో హిస్టోరికాన్, ఆకురాలు కాలంలో ఫాల్ ఇన్. మూడింటిలో పెద్దది హిస్టోరికాన్. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో ఒక పాత హోటల్ దానికి ఏళ్ళ తరబడి నెలవు. 2010లో వ్యాలీ ఫోర్జ్‌కు, 2012లో వర్జీనియాలోని ఫ్రెడరిక్స్‌బర్గ్‌కు తరలివెళ్ళి, ఆ తరువాత మళ్ళీ లాంకాస్టర్ చేరింది. ప్రతి తరలింపు వెనుకా హాలు అద్దె, గదుల ధర, పార్కింగ్ మీద సభ్యుల మధ్య పెద్ద రభసే జరిగింది. యుద్ధ వ్యూహాల మీద కూడా వీరు అంత పట్టుదలగా వాదించుకోరేమో అనిపిస్తుంది.

ఆడటానికి వెళ్ళేవారు ముందుగా చూసేది ఆటల జాబితా. ఒక్కో ఆటకు పేరు, యుద్ధం, ఏడాది, బొమ్మల పరిమాణం, వాడే నియమాలు, ఎంతమందికి చోటు, ఎన్ని గంటలు, నియమాలు అక్కడే నేర్పుతారా లేదా, పిల్లలను చేర్చుకుంటారా అన్న వివరాలుంటాయి. ఇష్టమైనవాటికి ముందే పేరు నమోదు చేసుకుని టికెట్టు తీసుకోవాలి. టికెట్టు దొరకనివారు ఆట మొదలయ్యే వేళకు బల్ల పక్కన నిలబడితే, రానివారి చోటు తరచుగా దక్కుతుంది. ఒకే రోజు ఉదయం కన్నే యుద్ధంలో హన్నిబల్ పక్షాన, మధ్యాహ్నం గెటిస్‌బర్గ్‌లో, రాత్రి పసిఫిక్ సముద్రంలో విమానవాహక నౌకల మీద ఆడవచ్చు. రోజుకు మూడు ఆటలు ఆడినవాడికి మర్నాడు కాళ్ళు పీకుతాయి, ఎందుకంటే ఈ ఆటను కూర్చుని ఆడేవారు తక్కువ.

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి లాంకాస్టర్ కారులో రెండు మూడు గంటల దూరం. ఆ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చరిత్ర మీద ఆసక్తి ఉన్న పిల్లలుంటే ఒక్కరోజు టికెట్టుతో వెళ్ళి చూసి రావచ్చు. బొమ్మలు, పాచికలు, నియమాల పుస్తకం ఏవీ తీసుకువెళ్ళనక్కరలేదు. అవన్నీ ఆట నడిపేవారే సమకూరుస్తారు.

ఆట నడపడం

క్లబ్బులో స్నేహితులతో ఆడే ఆటకూ కన్వెన్షన్‌లో నడిపే ఆటకూ మధ్య తేడా గడియారం. క్లబ్బులో ఆట తెగకపోతే వచ్చే వారం కొనసాగించవచ్చు. కన్వెన్షన్‌లో బల్ల సాధారణంగా నాలుగు గంటలే దొరుకుతుంది. అందులో నియమాలు వివరించడానికి పావుగంట, ఆలస్యంగా వచ్చేవారి కోసం కొంత, చివర సర్దుకోవడానికి అరగంట పోతుంది. మిగిలిన మూడు గంటలలో ఎనిమిది మంది అపరిచితులు యుద్ధాన్ని ఒక కొలిక్కి తేవాలి. అందువల్ల మంచి గేమ్ మాస్టరు చరిత్రను కొంత కత్తిరిస్తాడు. దండు కదలికలకు పట్టిన తెల్లవారుజామును వదిలేసి, సైన్యాలను రెండో ఎత్తుకే తుపాకీ దూరంలోకి వచ్చేలా నిలబెడతాడు. ఒక్కొక్కరికి నాలుగు నుంచి ఆరు దళాలు మించి ఇవ్వడు. పుస్తకంలోని నియమాలను ఒక్క కాగితానికి కుదిస్తాడు.

కొత్తవారు ఎక్కువగా తడబడేది సహాయ దళాల విషయంలో. చరిత్రలో మధ్యాహ్నం వచ్చిన దళాన్ని బల్ల మీదికీ ఆరో ఎత్తుకే తెస్తే, ఆ దళం దక్కిన ఆటగాడు గంటన్నర సేపు చేతులు కట్టుకుని నిలబడతాడు. అతడు అంత దూరం వచ్చింది వేచి ఉండటానికి కాదు. అతడికి మొదటి నుంచీ మరో చిన్న దళాన్ని అప్పగించడమో, సహాయ దళాన్ని ముందుకు జరపడమో చేయాలి. చరిత్రకు విధేయత గొప్పదే, కాని ఎదురుగా నిలబడిన మనిషి సమయం అంతకన్నా గొప్పదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

బల్ల వెడల్పు కూడా ఇలాంటి లెక్కే. ఇరువైపుల నుంచీ చేయి చాపితే అందేది మూడు అడుగుల లోపు. ఆరడుగులు దాటిన బల్ల ఫోటోలో అద్భుతంగా ఉంటుంది గాని, నడిమధ్య నిలిచిన దళాన్ని కదపాలంటే ఎవరో ఒకరు చెట్ల మీద, ఇళ్ళ మీద వాలిపోవాలి.

నియమాల ఎంపికలోనూ కన్వెన్షన్‌కు తనదైన రుచి ఉంది. 1979లో ల్యారీ బ్రామ్ రాసిన ‘ది స్వోర్డ్ అండ్ ది ఫ్లేమ్’ దశాబ్దాలుగా అక్కడ నిలిచి ఉండటానికి కారణం పేకముక్కలు. ఎర్ర ముక్క పడితే ఒక పక్షం దళం, నల్ల ముక్క పడితే రెండో పక్షం దళం కదులుతుంది. తరువాత ఎవరి వంతో ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ బల్ల మీదే చూపు నిలుపుతారు. 1990లో అమెరికా అంతర్యుద్ధం కోసం వచ్చిన ‘ఫైర్ అండ్ ఫ్యూరీ’ దళాన్ని ముక్కలుగా కాక బ్రిగేడ్ మొత్తంగా కదిపించి, పెద్ద యుద్ధాలను ఒక పూటలోకి తెచ్చింది. అదే ఏడాది బ్రిటన్‌లో ఫిల్ బార్కర్ బృందం నుంచి వచ్చిన ‘డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్’ సైన్యాన్ని 12 బిళ్ళలకు కుదించింది. రెండడుగుల చదరపు బల్ల మీద గంటలోపు తెగిపోయే ఆట కావడంతో పోటీలకు అది అనువుగా కుదిరింది.

ఆట మొదలయ్యాక గేమ్ మాస్టరు పని సగం రంగస్థల దర్శకుడిది, సగం తగవరిది. ప్రతి నియమాన్నీ తిరగేసి వాదించే ఆటగాడు ఒకడు ప్రతి బల్ల దగ్గరా ఉంటాడు. అతడితో పుస్తకం తెరిచి వాదనకు దిగితే మిగతా ఏడుగురి ఉత్సాహం చల్లారిపోతుంది. పాచిక వేసి తేల్చి ముందుకు సాగడమే అనుభవజ్ఞుల పద్ధతి. పక్క బల్లల గోల మధ్య గొంతు చించుకోవాలి. ఓడిపోతున్నవారికి చేయడానికి ఏదో ఒకటి మిగిలి ఉండేలా చూడాలి. గంట మిగిలి ఉండగానే చివరి ఎత్తులు ఎన్నో ప్రకటించాలి. ఇంత శ్రమకూ దక్కేది ప్రవేశ రుసుములో మినహాయింపు, బాగా నడిపినవారికి ఒక బహుమతి ఫలకం.

చందుర్తిని బల్ల మీదికి తెస్తే

సన్నివేశ రచనలోని చిక్కులు చూపడానికి మన గడ్డ మీద జరిగిన యుద్ధం ఒకటి బాగా పనికొస్తుంది. 1758 డిసెంబరులో ఇప్పటి కాకినాడ జిల్లాలోని చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్ నాయకత్వంలోని ఇంగ్లీషు కంపెనీ సైన్యం, కాన్‌ఫ్లాన్ నాయకత్వంలోని ఫ్రెంచి సైన్యాన్ని ఓడించింది. ఇంగ్లీషు చరిత్రల్లో ఇది కండూరు యుద్ధం. ఫోర్డ్ దగ్గర సుమారు 470 మంది ఐరోపా సైనికులు, 1,900 మంది సిపాయిలు ఉన్నారు. ఫ్రెంచి వైపు దాదాపు 500 మంది ఐరోపావారు, 6,000 మంది సిపాయిలు, 30 ఫిరంగులు. విజయనగరం రాజు ఆనంద గజపతి బలగం ఇంగ్లీషు పక్షాన ఉన్నా పోరులో పెద్దగా పాలుపంచుకోలేదు.

మొదట లెక్క. ఒక బొమ్మ 20 మందికి ప్రతినిధి అనుకుంటే రెండు పక్షాల ఐరోపావారికి 50 లోపు, సిపాయిలకు దాదాపు 400 బొమ్మలు కావాలి. 28 మిల్లీమీటర్ల బొమ్మలతో ఇది ఏళ్ళ పని. 15 మిల్లీమీటర్లవైతే ఒక చలికాలంలో ముగించవచ్చు. 6 మిల్లీమీటర్లవైతే ఇంకా సులువు గాని, నిలబడి చూసేవారికి ముఖాలు కనిపించవు, రంగుల గీతలే కనిపిస్తాయి.

అసలు చిక్కు తరువాతది. ఏపుగా ఎదిగిన పంట చేను ఫోర్డ్ ఐరోపా దళాన్ని ఫ్రెంచివారి కంటికి మరుగు చేసింది. బెంగాల్ నుంచి వచ్చిన సిపాయిలు ఎర్ర కోట్లు తొడుక్కుని ఉన్నారు. వారినే ఐరోపా దళంగా పొరబడి ఫ్రెంచి దళం వారి మీదికి వెళ్ళింది, చేను చాటున ఉన్న అసలు దళం పక్క నుంచి విరుచుకుపడింది. బల్ల మీద అన్నీ అందరికీ కనిపిస్తాయి. చరిత్ర చదివి వచ్చిన ఆటగాడు చేను వైపు కన్నెత్తి చూడగానే ఆట ముగిసినట్టే. అందుకని ఇంగ్లీషు దళాలన్నిటినీ ఒకే తీరు ఎర్ర బొమ్మలతో నిలిపి, ఏది ఏదో బిళ్ళ అడుగున రాసి, తుపాకీ దూరంలోకి వచ్చాకే తిప్పి చూపించవచ్చు. లేదా మరింత తెగించి, ఊరి పేరు, దేశం, శతాబ్దం మార్చేసి, ఇది చందుర్తి అని ఆట అయ్యాకే బయటపెట్టవచ్చు. పాతకాపులైన గేమ్ మాస్టర్లు ఇష్టపడేది ఈ రెండో మార్గాన్ని.

మిగిలిన సమస్య విజయనగరం బలగం. చూస్తూ నిలబడే సైన్యాన్ని తీసుకోవడానికి ఏ ఆటగాడూ ఒప్పుకోడు. దానికి విడిగా ఒక లక్ష్యం పెట్టాలి: ఇంగ్లీషువారు గెలవాలి, కాని తన మనుషులు మిగలాలి, ఫ్రెంచి విడిది సామాను తన చేతికి చిక్కాలి. అప్పుడు మిత్రపక్షంలోనే బేరసారాలు మొదలై బల్ల చుట్టూ మాటలు పెరుగుతాయి.

బొమ్మలు, సంత, తరగతులు

బొమ్మలు ఎక్కువగా తగరపు మిశ్రమలోహంతో, లేదా ప్లాస్టిక్‌తో చేస్తారు. సీసం వాడకం ఆరోగ్య భయాల వల్ల తగ్గింది. ముందు ప్రైమర్ పూత, దాని మీద రంగు, ముడతల్లోకి దిగే పలచని నీడరంగు, పైన ఎత్తుల మీద లేతరంగు, చివర వార్నిష్, అడుగుబిళ్ళకు ఇసుక, పచ్చిక పొడి. ఇదీ వరస. రంగు వేయకుండా ఇంట్లో పేరుకున్న గుట్టను ఆటగాళ్ళు సీసపు కొండ అని ముద్దుగా పిలుచుకుంటారు. దసరా బొమ్మల కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మ చేర్చాలన్న ఆచారం మనకు ఎలాగో, కన్వెన్షన్ నుంచి వట్టి చేతులతో రాకూడదన్నది వీరికి అలాగే.

ఆ కొండ పెరగడానికి కారణం వర్తకుల హాలు, తగ్గడానికి మార్గం పాత సామాను సంత. హిస్టోరికాన్‌లో ఆ సంతను వాలీస్ బేస్‌మెంట్ అంటారు. గంటల లెక్కన బల్ల అద్దెకు తీసుకుని తమ పాత సైన్యాలు అమ్ముకుంటారు. రంగులు వేసిన పూర్తి సైన్యం, దాని తయారీకి పట్టిన కాలంతో పోలిస్తే చాలా చవకగా అక్కడ దొరుకుతుంది. రంగులద్దడం నేర్పే తరగతులు, చరిత్రకారుల ఉపన్యాసాలు కూడా కార్యక్రమంలో భాగమే.

బ్రిటన్ పద్ధతి

బ్రిటన్‌లో ఇవి కన్వెన్షన్ల కంటే ప్రదర్శనలకు దగ్గర, అక్కడివారు షో అనే అంటారు. సౌత్ లండన్ వార్‌లార్డ్స్ అనే క్లబ్బు 1972లో మొదలుపెట్టిన సెల్యూట్ వీటిలో పేరున్నది. అది లండన్‌లోని ఎక్సెల్ కేంద్రంలో ఒక్కరోజు జరుగుతుంది. ఆటలు రెండు రకాలు. క్లబ్బువారే ఆడుతూ జనానికి చూపించేవి ఒక రకం. దారిన పోయేవారు ఆగి అరగంట ఆడి వెళ్ళేవి మరో రకం. మొదటి రకంలో బల్ల శిల్పం కళ్ళు చెదిరేలా ఉంటుంది. అయితే వాటి వెనుక నిలబడ్డవారు ఒక్కోసారి తమలో తాము మాట్లాడుకుంటూ చూడవచ్చినవారిని పట్టించుకోరన్న ఫిర్యాదు పాతదే. ఆడి తృప్తి పొందాలంటే అమెరికా పద్ధతి, చూసి కొని తృప్తి పొందాలంటే బ్రిటన్ పద్ధతి మేలు.

బల్ల మీద ఏది పెట్టవచ్చు

వలస యుద్ధాల ఆటలు ఈ కన్వెన్షన్లలో మొదటి నుంచీ ఉన్నాయి. వాటిలో చాలాకాలం భారతీయ, ఆఫ్రికన్ సైన్యాలు గేమ్ మాస్టరు నడిపే గుంపుగానే ఉండేవి, మనసున్న శత్రువుగా కాదు. ఆ పక్షానికీ తెలివైన ఆటగాళ్ళను, గెలిచే దారిని ఇచ్చినప్పుడే ఆట నిలుస్తుంది, చరిత్రకూ న్యాయం జరుగుతుంది. నాజీ ఎస్‌ఎస్ దళాల మోజు, అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది జెండా కూడా ఎడతెగని చర్చలే.

1757 జనవరి 24 నాటి బొబ్బిలి ముట్టడి మరో రకం ప్రశ్న. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, గోడల మీది రక్షకులు, నిచ్చెనలు బల్ల మీదికి వస్తాయి. కోట లోపల స్త్రీలు, పిల్లలు ప్రాణాలు కోల్పోయిన ఘట్టం రాదు, రాకూడదు. అలాంటి సన్నివేశాన్ని ఎత్తుకునే గేమ్ మాస్టరు ఆట ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో ముందుగానే ఆటగాళ్ళకు చెప్పడం మంచిది.

ఇప్పటి స్థితి

2020లో కోవిడ్ వల్ల పెద్ద కన్వెన్షన్లు ఆగి, తరువాత తేరుకున్నాయి. హాళ్ళ అద్దె పెరుగుతోంది. ఆటగాళ్ళలో తలనెరిసినవారే ఎక్కువ. పిల్లల కోసం విడిగా బల్లలు, చిన్న ఆటలు పెట్టడం అందుకే. త్రీడీ ప్రింటర్లు వచ్చాక, ఏ కంపెనీకీ గిట్టుబాటు కాని అరుదైన దళాలను కూడా ఇంట్లోనే అచ్చు తీసుకోగలుగుతున్నారు. పోతపోసే చిన్న వర్తకులలో కొందరు ఇప్పుడు బొమ్మలతో పాటు వాటి డిజిటల్ నమూనాలనూ అమ్ముతున్నారు.